ఇప్స్విచ్, అజీజ్‌నగర్: రెండవ శ్రేణిలో రెండు సంవత్సరాలు

మన విద్యార్థులలో ఫుట్‌బాల్‌పై ఆసక్తి గలవారికి మాంచెస్టరు, లివర్‌పూలు జట్ల ఆటగాళ్ల పేర్లు కంఠస్థములు. ఆ జట్లు ఇంగ్లండులో మొదటి శ్రేణికి చెందినవి. వాటికి క్రింద మరొక శ్రేణి కలదని, అందులో 24 జట్లు ఆగస్టు నుండి మే వరకు ఒక్కొక్కటి 46 ఆటలు ఆడునని, అంత శ్రమయు పైన ఏర్పడే మూడు ఖాళీల కొరకేనని ఎరిగినవారు తక్కువ. మేము ఈ వ్యాసంలో పరిశీలింపదలచినది ఆ రెండవ శ్రేణిని. అందుకు ఇప్స్విచ్ టౌన్ అనే ఇంగ్లీషు క్లబ్బును, దాని ప్రక్కన మన హైదరాబాదుకు చెందిన శ్రీనిధి దక్కన్ క్లబ్బును ఉదాహరణలుగా గ్రహించినాము.

ఈ రెండింటిని ఒకచోట చేర్చుటకు కారణమున్నది. 2022-23, 2023-24 అనే రెండు వరుస సీజన్లలోను ఈ క్లబ్బులు తాము ఆడిన లీగులలో రెండవ స్థానంలోనే నిలిచినవి. ఇప్స్విచ్ ఆ రెండు సంవత్సరాలలో మూడవ శ్రేణి నుండి మొదటి శ్రేణికి ఎక్కినది. శ్రీనిధి దక్కన్ ఉన్నచోటనే ఉండిపోయినది. ఇది ఆటలోని తేడా వలన కలిగినదా, ఏర్పాటులోని తేడా వలన కలిగినదా అన్నదే మా ప్రశ్న.

ముందుగా లీగు అనగానేమో చెప్పుకొనవలెను. మన పల్లెలలో జరిగే టోర్నమెంటులో ఓడిన జట్టు ఆనాడే ఇంటికి పోవును. లీగులో అట్లు కాదు. ప్రతి జట్టు మిగిలిన ప్రతి జట్టుతోను రెండుసార్లు, ఒకసారి తన మైదానంలో, మరొకసారి ఎదుటివారి మైదానంలో ఆడవలెను. గెలుపునకు 3 పాయింట్లు, డ్రాకు 1, ఓటమికి ఏమియు లేదు. చివరకు మొత్తం కూడి చూతురు. అనంతపురం రైతుకు ఇది బోధింపనక్కరలేదు. ఒక్క మంచి వాన పడినంతమాత్రాన వేరుసెనగ చేతికి వచ్చినదని అతడు అనుకొనడు. విత్తనం పడిన తరువాత ఊడలు దిగే వేళకును తడి అందవలెను, కాయ గట్టిపడే వేళకును అందవలెను. టోర్నమెంటు ఒక వాన వంటిది. లీగు కారంతటి లెక్క.

తెలుగునాట ఫుట్‌బాల్ కీర్తి అంతయు మొదటి విధమైన పోటీలలో వచ్చినదే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకం పొందినది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచినది. 1963 జూన్‌లో ఆయన మరణించునాటికి మన దేశంలో జాతీయ లీగు అనునదే లేదు. అది 1996లో గాని మొదలు కాలేదు. కనుక మనకు కప్పుల జ్ఞాపకం ఉన్నది గాని, లీగుల అలవాటు లేదు.

ఇంగ్లండులో లీగు 1888లో 12 జట్లతో ఆరంభమైనది. 1892లో దానికి రెండవ డివిజను చేర్చినారు. అప్పటి నియమం విచిత్రమైనది. రెండవ డివిజనులో పైన నిలిచిన జట్లు మొదటి డివిజనులో అడుగున నిలిచిన జట్లతో పరీక్ష ఆటలు ఆడవలెను. అందులో గెలిచినవారికే పైన చోటు. రెండవ డివిజను తొలి విజేత స్మాల్ హీత్, నేటి బర్మింగ్‌హామ్ సిటీ. ఏడాది పొడుగునా అందరికంటె మిన్నగా ఆడి, పరీక్ష ఆటలో న్యూటన్ హీత్ చేత ఓడి, ఉన్నచోటనే ఉండిపోయినది. ఆ న్యూటన్ హీత్‌యే నేటి మాంచెస్టర్ యునైటెడ్. తరువాత 1898లో మరింత వింత జరిగినది. స్టోక్, బర్న్‌లీ జట్లకు చివరి పరీక్ష ఆట. డ్రా అయినచో ఇరువురికిని మొదటి డివిజనులో చోటు దక్కును. ఇక ఎవరు గోలు కొట్టుదురు? ఆట 0-0గా ముగిసినది. చూడవచ్చిన జనం మండిపడినారు. దానితో పరీక్ష ఆటల పద్ధతికి స్వస్తి చెప్పి, పైన నిలిచినవారు పైకి, అడుగున నిలిచినవారు క్రిందికి అనే సూటి నియమం తెచ్చినారు. మన కచేరీల భాషలో చెప్పవలెనన్న ప్రమోషను, రివర్షను అను రెండును ఒకే ఉత్తర్వులో వచ్చును.

ఇప్పుడు ఇప్స్విచ్ సంగతి. ఇది ఇంగ్లండు తూర్పు భాగాన సఫోక్ జిల్లాలోని పట్టణం. జనాభా సుమారు 1,40,000. అనగా మన అనంతపురం కంటె చిన్నది. చుట్టును వ్యవసాయ భూములు. అందుచేతనే ఈ జట్టును అక్కడివారు ట్రాక్టరు కుర్రాళ్లు అని పిలుతురు. మరొక విశేషం: ఇంగ్లండులో అతి తక్కువ వాన కురిసే ప్రాంతమిదే. అక్కడి సగటు ఏటికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, మన జిల్లా సగటు సుమారు 550. కొలతలో ఇంచుమించు సమానమే! కాని అక్కడ ఆ వాన పన్నెండు నెలలకు పంచబడి, చల్లని ఆకాశం క్రింద సన్నని తుంపరగా పడును. మైదానం ఏనాడు పచ్చిక కోల్పోదు. ఇక్కడ అదే వాన నాలుగైదు నెలలలో కొన్ని దినాలు కురిసి, మిగిలిన కాలమంతా ఎండ దానిని తిరిగి లాగుకొనును. వాన లెక్క ఒకటే అయినంతమాత్రాన పైరు ఒకటి కాదని గ్రహింపవలెను. ఈ మాట ముందుకు కూడా పనికివచ్చును.

ఈ క్లబ్బు 1878 నాటిది. 1961లో రెండవ డివిజను గెలిచి తొలిసారిగా మొదటి డివిజనుకు ఎక్కి, ఎక్కిన మొదటి సంవత్సరమే, 1962లో, దేశ విజేత అయినది. అప్పటి శిక్షకుడు ఆల్ఫ్ రామ్సే తరువాత ఇంగ్లండు జట్టుకు 1966 ప్రపంచ కప్పు తెచ్చినాడు. కాని 2002లో క్లబ్బు క్రిందికి జారి, 2019లో మూడవ శ్రేణికి పడినది. అక్కడ నాలుగు సంవత్సరాలు. 2021 చివర ఉత్తర ఐర్లండుకు చెందిన కీరన్ మెకెన్నా శిక్షకుడుగా వచ్చినాడు. 2022-23లో మూడవ శ్రేణిలో 98 పాయింట్లతో ప్లిమత్ తరువాత రెండవ స్థానం. నియమం ప్రకారం మొదటి రెండు జట్లును పైకి పోవును గనుక ఇప్స్విచ్ రెండవ శ్రేణికి చేరినది.

అక్కడ ఎదురైనవారు ఎవరు? లెస్టర్, లీడ్స్, సౌథాంప్టన్. ఈ మూడును అంతకు ముందటి యేడే మొదటి శ్రేణి నుండి దిగివచ్చినవి. ఇంగ్లండులో అట్లు దిగిన క్లబ్బుకు కుదుపు తగులకుండ కొన్ని సంవత్సరాలు ప్రత్యేక ధనం ఇత్తురు. దానికి ప్యారాచూటు సొమ్మని పేరు. పైనుండి దిగినవారికి ప్యారాచూటు ఉన్నది, క్రింది నుండి ఎక్కివచ్చిన ఇప్స్విచ్‌కు అట్టిదేమియు లేదు. అయినను ఆ జట్టు 46 ఆటలలో 28 గెలిచి, 12 డ్రా చేసి, 6 మాత్రమే ఓడినది. 92 గోళ్లు చేసినది. వెనుకబడి కోలుకొనుట దానికి అలవాటు. 2024 ఏప్రిల్ 1న సౌథాంప్టన్‌పై నిర్ణీత కాలం దాటిన తరువాత చేసిన గోలుతో 3-2గా గెలిచిన ఆట అందుకు సాక్ష్యం. మే 4న, సీజను చివరి దినాన, ఒక్క పాయింటు చాలునన్న స్థితిలో హడర్స్‌ఫీల్డును 2-0తో ఓడించి 96 పాయింట్లతో రెండవ స్థానం నిలబెట్టుకొన్నది. లెస్టర్‌కు 97. తొంబది పాయింట్లు వచ్చిన లీడ్స్ మూడవది. మూడు నుండి ఆరు వరకు నిలిచిన నాలుగు జట్లు మూడవ ఖాళీ కొరకు మరల పోటీపడగా, లీడ్స్ ఫైనలులో సౌథాంప్టన్ చేత ఓడినది.

గణిత విద్యార్థులకు ఇక్కడ ఒక చిన్న విందు కలదు. లెస్టర్ 31 గెలిచి, 4 డ్రా చేసి, 11 ఓడినది. ఇంగ్లండులో 1981 వరకు గెలుపునకు 2 పాయింట్లే. ఆ పాత లెక్కన లెస్టర్‌కు 66, ఇప్స్విచ్‌కు 68! అనగా ఆటలు మారకుండగనే విజేత మారిపోవును. పట్టిక అనునది ఆట యొక్క ప్రతిబింబమే గాని, ఆ అద్దాన్ని తయారుచేసినవారు మనుష్యులే.

ఇక మన దేశం. 2007లో ఐ-లీగు ఆరంభమైనది. జాతీయ లీగు స్థానాన్ని అది తీసుకొన్నది. 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చినది. ఇది ఎనిమిది జట్లతో, ఫ్రాంచైజీ పద్ధతిపై పుట్టినది. అనగా ఆటలో గెలిచి చేరినవారు కారు. రుసుము చెల్లించి చేరినవారు. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమోదించిన ప్రణాళిక ప్రకారం సూపర్ లీగు మొదటి శ్రేణి, ఐ-లీగు రెండవ శ్రేణి అయినవి. 2022-23 నుండి ఐ-లీగు విజేత పైకి పోవుననియు, 2024-25 నుండి పైవారు క్రిందికి దిగుటయు అమలు కావలెననియు ఆ ప్రణాళికలో ఉన్నది.

శ్రీనిధి దక్కన్ క్లబ్బు 2015లో ఏర్పడినది. ఇది ఒక విద్యాసంస్థల సమూహానికి చెందినది. న్యాయం చెప్పవలెనన్న, ఈ క్లబ్బు ఐ-లీగులోనికి క్రింది మెట్ల నుండి ఎక్కి వచ్చినది కాదు. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బిడ్లు పిలిచినప్పుడు, విశాఖపట్నం పేరిట నేరుగా ప్రవేశం పొందినది. 2021-22లో తొలి సీజను. కరోనా కారణాన ఆటలన్నియు బెంగాలులోనే జరిగినవి. అందులో మూడవ స్థానం. తరువాత హైదరాబాదు శివారున అజీజ్‌నగర్‌లోని దక్కన్ ఎరీనా దాని స్వంత మైదానమైనది. పోర్చుగల్ నుండి కార్లోస్ వాజ్ పింటో శిక్షకుడుగా వచ్చినాడు. కొలంబియా దేశస్థుడు డేవిడ్ కాస్టనేడా ముందు వరుసలో ఆడినాడు. 2022-23లో 12 జట్లు, జట్టుకు 22 ఆటలు. పంజాబు జట్టుకు 52 పాయింట్లు, శ్రీనిధికి 42. పది పాయింట్ల తేడా గనుక ఎవరికిని ఫిర్యాదు లేదు. పంజాబు పైకి పోయినది.

మరుసటి సంవత్సరమే అసలు కథ. 13 జట్లు, జట్టుకు 24 ఆటలు. అందులో కాశ్మీరు జట్టున్నది, మిజోరాం జట్టున్నది, గోవా, కేరళ జట్లున్నవి. మణిపూరుకు చెందిన రెండు జట్లు అక్కడి అల్లర్ల వలన సీజనంతా పరాయి మైదానాలలోనే ఆడి, చివరకు అడుగున పడి క్రిందికి దిగినవి. శిఖరాన పోటీ ఇరువురి మధ్యనే నిలిచినది: హైదరాబాదు శ్రీనిధి, కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్.

ఈ రెండవ పేరు మా పాఠకులకు క్రొత్తది కాదు. 1891లో స్థాపితమైన ఈ క్లబ్బు 1934లో కలకత్తా లీగు మొదటి డివిజనును గెలిచినది. దానిని గెలిచిన తొలి భారతీయ క్లబ్బు ఇదే. 1938 వరకు ఐదేండ్లు వరుసగా గెలిచినది. విద్యార్థులు గమనింపవలసినది మరొకటి: 1934 ఆ క్లబ్బుకు మొదటి డివిజనులో తొలి సంవత్సరం. రెండవ డివిజను నుండి ఎక్కినవెంటనే విజేత! ఇప్స్విచ్ 1962లో చేసినది మహమ్మడన్ స్పోర్టింగ్ ఇరువది ఎనిమిదేండ్ల ముందే చేసియున్నది. హైదరాబాదు ఆటగాళ్లు అనేకులు కలకత్తా క్లబ్బులకు పోయి పేరు తెచ్చుకొన్నారు. వారిలో మహమ్మద్ హబీబ్ సాహెబు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికిని ఆడినవాడు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవాడు. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూసినారు. రెండు నెలలకే ఆయన పుట్టిన నగరం జట్టు, ఆయన ఆడిన క్లబ్బు ఒకే చోటు కొరకు తలపడినవి.

2024 ఏప్రిల్ 6న షిల్లాంగులో లజోంగ్ జట్టును 2-1తో ఓడించి, మహమ్మడన్ స్పోర్టింగ్ ఒక ఆట మిగిలియుండగనే విజేత అయినది. చివరి లెక్క: మహమ్మడన్‌కు 52, శ్రీనిధికి 48. మూడవదైన గోకులం కేరళకు 42.

నలుబది ఎనిమిది పాయింట్లు అనగా ఎంత? 24 ఆటలకు గరిష్ఠం 72; అందులో సరిగా మూడింట రెండు వంతులు. ఆటకు 2 పాయింట్ల చొప్పున. ఇప్స్విచ్ 96ను 46 ఆటలకు పంచినచో ఆటకు 2.09. ఈ రెండు సంఖ్యల మధ్య దూరం అత్యల్పం. రెండు లీగుల ఆట నాణ్యత ఒకటేనని మేము చెప్పబోవుట లేదు. ఇప్స్విచ్ వాన, అనంతపురం వాన వంటి పోలిక అది. కాని తన తోటివారిపై తాను చూపిన ఆధిక్యంలో శ్రీనిధి ఇప్స్విచ్‌కు దాదాపు సమానమే. ఫలితం మాత్రం వేరు. రెండవ స్థానమునకు అక్కడ ద్వారం తెరిచియున్నది, ఇక్కడ మూసియున్నది.

మూసియుండుటకు కారణం తెలియవలెనన్న పైశ్రేణి పట్టిక అడుగు చూడవలెను. అదే 2023-24లో సూపర్ లీగులో 12 జట్లలో చివరిదెవరు? హైదరాబాదు ఎఫ్‌సి. 22 ఆటలలో ఒకే గెలుపు, మొత్తం 8 పాయింట్లు. రెండేండ్ల క్రితం, 2022 మార్చి 20న, గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి దేశ విజేత అయిన క్లబ్బు అది! డబ్బు చిక్కులతో ఆటగాళ్లు వెళ్లిపోగా, మిగిలిన పిన్నవయస్కులతో సీజను ఈడ్చినది. ఇంగ్లండు నియమమే ఇక్కడ ఉండియుండినచో, ఒకే నగరంలో ఆ వసంతాన ఒక క్లబ్బు దిగి, మరొక క్లబ్బు ఎక్కియుండును. ఇక్కడ దిగవలసినది దిగలేదు. కనుక ఎక్కవలసినదానికి చోటు లేదు. పైకి పోయిన ఒక్క జట్టు కొరకు ఖాళీ ఏర్పడలేదు, కుర్చీ అదనంగా వేసినారు. అట్లు ఎన్ని కుర్చీలు వేయగలరు?

పెట్టుబడిదారుల వాదన కూడా వినవలెను. ఏటేటా కోట్లు వెచ్చించి, క్రిందికి దిగు భయం కూడా మోయవలెనన్న ఎవరు ముందుకు వత్తురని వారి ప్రశ్న. ఇందులో కొంత నిజమున్నది. ఇంగ్లండులో ప్యారాచూటు సొమ్ము పుట్టినది ఆ భయానికి మందుగానే. అయితే భయం లేనిచో చివరి రెండు నెలల ఆటలకు అర్థమేమి? అడుగున ఉన్న జట్టు ఓడినను గెలిచినను ఒకటే అయినప్పుడు, టికెట్టు కొని వచ్చినవాడు చూచునది వ్యాయామమే గాని పోటీ కాదు.

2024-25 ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసినది. పైకి పోయిన మహమ్మడన్ స్పోర్టింగ్ సూపర్ లీగులో 13 జట్లలో చివరిదైనది. 1934 మరల రాలేదు. అయినను దిగలేదు, ఆ సంవత్సరం అమలు కావలసిన దిగుడు నియమం అమలు కాలేదు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఇప్స్విచ్, లెస్టర్, సౌథాంప్టన్ మూడును, ఎక్కిన యేడాదికే తిరిగి రెండవ శ్రేణికి పడినవి. ఇప్స్విచ్‌కు వచ్చినవి 22 పాయింట్లే. అక్కడ కూడా నిచ్చెన పై మెట్లు నున్నగా ఉన్నవన్నమాట. ధనమున్నవారి కాలే నిలుచుచున్నది. ఇంగ్లండు పద్ధతిని మేము గ్రుడ్డిగా మెచ్చుకొనుట లేదు. అయినను ఎక్కినవాడు ఎందుకు ఎక్కినాడో, దిగినవాడు ఎందుకు దిగినాడో అక్కడ పట్టిక చూచిన పిల్లవానికి కూడా తెలియును. ఇక్కడ 2024-25 ఐ-లీగు విజేత ఎవరో తేలుటకు జూలై 2025 వరకు పట్టినది. లౌసాన్‌లోని క్రీడా న్యాయస్థానం తీర్పు చెప్పి, చర్చిల్ బ్రదర్స్‌కు బదులు ఇంటర్ కాశీని విజేతగా ప్రకటింపచేసినది. శ్రీనిధి ఆ సీజనులో పై స్థానాల దరిదాపులకు రాలేదు. హైదరాబాదు ఎఫ్‌సి 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకొన్నది. ఆ విధంగా, దిగకుండ కాపాడబడిన క్లబ్బు ఊరికే దక్కలేదు.

ఇదంతయు అనంతపురం వారికెందుకని ఎవరైనను అడుగవచ్చును. మన జిల్లాలో ఫుట్‌బాల్ లేకపోలేదు. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, మనము ఆర్డీటీ అని పిలుచునది, అనంతపురంలో క్రీడాగ్రామం కట్టి, పల్లె బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పినది. స్పెయిను దేశపు లీగు సంస్థ లా లిగా అందుకు చేయూతనిచ్చినది. చెరువు నిండని సంవత్సరం చెరువు గర్భమే మైదానమయ్యే సీమలో, బోరు నీటితో పచ్చిక పెంచి ఆడపిల్లలకు బూట్లు తొడిగించుట చిన్న పని కాదు. నేర్చిన పిల్లలు ఉన్నారు. వారు పదునెనిమిదేండ్లు దాటిన తరువాత ఎక్కవలసిన మెట్లేవి? జిల్లా లీగు, రాష్ట్ర లీగు, 2023-24లో ఏర్పడిన ఐ-లీగు-3, ఆపైన ఐ-లీగు-2, ఆపైన ఐ-లీగు. కాగితంపై మెట్లన్నియు ఉన్నవి. కొన్నిచోట్ల మెట్టుకు మెట్టుకు మధ్య మనిషి ఎత్తు ఉన్నది.

ఢిల్లీలో జరగవలసినది జరుగువరకు ఇక్కడ చేయదగినది ఒకటి కలదు. పాత అనంతపురం జిల్లాలో 63 మండలాలు. కళాశాలలు, పట్టణ క్లబ్బులు, మండల జట్లు కలిపి 24 జట్లను కూర్చుట కష్టం కాదు. వాటిని పన్నెండేసి చొప్పున రెండు డివిజన్లు చేయవలెను. డివిజనుకు 132 ఆటలు, జట్టుకు 22. వానలు వెనుకబట్టిన సెప్టెంబరు చివర నుండి ఎండలు ముదరని మార్చి వరకు ఉన్న ఆదివారాలు అందుకు చాలును. మొదటి డివిజనులో చివర నిలిచిన రెండు జట్లు దిగవలెను, రెండవ డివిజనులో ముందు నిలిచిన రెండు జట్లు ఎక్కవలెను. ఈ ఒక్క నియమాన్ని మొదటి ఆటకు ముందే వ్రాసి, 24 జట్ల కెప్టెన్ల చేత సంతకం చేయించి, క్రీడాశాఖ గోడకు అంటింపవలెను.